తోడు గడి

నా గదికి ఎవరూ రారు. వస్తే దారి తప్పి వస్తారు. కంటి ఆసుపత్రిలో దారి తప్పేవాళ్ళకి కొదవేముంది అనుకోవచ్చు గానీ, నాది నేల కింది అంతస్తు. మెట్లు దిగి, పాత మంచాలూ కాళ్ళు విరిగిన కుర్చీలూ పడేసిన వసారా దాటి, ఎడమచేతి వైపు రెండో తలుపు. అంత శ్రమపడి తప్పిపోయేవాళ్ళు నెలకి ఒక్కరుంటే గొప్ప. గదిలో మూడు యంత్రాలు, ఒక ఏసీ, నేను. అందరిలోకీ ఏసీయే కాస్త మాట్లాడుతుంది.

ఆసుపత్రికి వచ్చినవాళ్ళ వివరాలన్నీ ఆ యంత్రాల్లో పట్టికలుగా ఉంటాయి. మనిషికో వరుస, విషయానికో గడి. ఆ డేటాబేస్‌ని కనిపెట్టుకుని ఉండటం నా ఉద్యోగం. ఇరవై రెండేళ్ళుగా అదే పని, అదే కుర్చీ. పై అంతస్తుల వాళ్ళు నన్ను 'కిందాయన' అంటారు. పైనున్నవాడికి దేవుడని పేరు పెట్టేశారు కాబట్టి నాకు దక్కింది ఇదే.

మా ఆవిడ పోయి మూడేళ్ళయింది. పిల్లలు లేరు. ఆదివారం పూట అక్కయ్య ఫోన్ చేసి "తిన్నావురా?" అంటుంది, నేను "తిన్నానే" అంటాను, ఆ వారానికి నా మాటల కోటా అయిపోతుంది. ఒంటికాయ శొంఠికొమ్ములా బతకడం అలవాటైపోయిందని అందరికీ చెబుతుంటాను. అబద్ధం. అలవాటు కాలేదు. కోపం మాత్రం బాగా అలవాటైంది.

ఆ రోజు పొద్దున చొక్కా తొడుక్కుంటుంటే గుండీ ఊడి మంచం కిందికి దొర్లింది. దాన్ని వెతికి, చేతికందిన దారంతో నేనే కుట్టుకున్నాను. సూది రెండుసార్లు వేలికి దిగింది. అందుకని ఆఫీసుకొచ్చేటప్పటికే మొహం మాడ్చుకుని ఉన్నాను. పదకొండు గంటలప్పుడు ఎవరో తలుపు తోశారు.

అరవై దాటిన మనిషి. ఒక చేత్తో గోడ తడుముకుంటూ లోపలికి వచ్చాడు. మెడలో కొలతల టేపు వేలాడుతోంది. టైలరని ఎవరూ చెప్పనక్కర్లేదు.

"బాత్‌రూమ్ ఇదేనా అండీ?"

"బయట బోర్డు మీద ఏం రాసుందో చూడలేదా?"

"చూడగలిగితే ఈ ఆసుపత్రికి ఎందుకొస్తానండీ" అన్నాడు, ఏమాత్రం నొచ్చుకోకుండా.

లేచి, చెయ్యి పట్టుకుని వసారా చివరిదాకా తీసుకెళ్ళాను, బయట నిలబడి మళ్ళీ తీసుకొచ్చాను. మెట్ల దగ్గర వదిలేద్దామనుకుంటే, "మీ గది చల్లగా ఉందండీ. పైన పిలవడానికి ఇంకా టైముంది, ఐదు నిమిషాలు కూర్చుంటాను" అన్నాడు. కాదనలేకపోయాను. నాకు ఎదురుగా ఇంకో కుర్చీ ఉంది. మూడేళ్ళుగా దానిమీద ఫైళ్ళు కూర్చుంటున్నాయి. వాటిని లేపి కింద పెట్టాను.

"ఈ గుర్రుమనే చప్పుడు కంప్యూటర్లదా?"

"అవును."

"మా లిస్టు వీటిలోనే ఉంటుందా?"

"ఉంటుంది."

"అయితే ఒక్క మాట అడుగుతాను, ఏమీ అనుకోకండి. వీటికి నా మీద కోపమేమైనా ఉందా?"

నవ్వొచ్చింది. ఆయన మాత్రం నవ్వకుండా తన సంగతి చెప్పాడు. కుడికన్ను చిన్నప్పుడే పోయింది. జీవితమంతా ఎడమకంటితోనే కుట్టాడు. రెండేళ్ళ కిందట ఆ కంటి నల్లగుడ్డు మీద అద్దంలా ఉండే పొర మసకబారడం మొదలైంది. చనిపోయినవాళ్ళెవరైనా కళ్ళిస్తే ఆ పొర తీసి ఈయనకి వేయాలి. అలాంటివి అరుదు, అడిగేవాళ్ళు ఎక్కువ, అందుకని లిస్టు. పద్నాలుగు నెలలుగా ప్రతి నెలా వస్తున్నాడు. ప్రతి నెలా డాక్టరమ్మ చూసి, అంతా సిద్ధంగా ఉంది, మీ వంతు రాగానే పిలుస్తామంటుంది.

"నా వెనకాల చేరిన బేకరీ ఆయనకి పోయిన నెల వేశారు. వాళ్ళావిడ నాకు బిస్కెట్లు తెచ్చిచ్చింది. ఆయనకి రావడం మంచిదే అనుకోండి." కాసేపు టేపు వేలికి చుట్టుకున్నాడు. "ఇంకో మూడు నాలుగు నెలలు దాటితే లోపల కూడా చెడిపోతుంది, అప్పుడు వేసినా లాభం లేదంటోంది డాక్టరమ్మ. నాకు తొందరేం లేదండీ. మిషను ఇంకా అమ్మలేదు."

తొందర లేదని అంత తొందరగా చెప్పిన మనిషిని నేను చూడలేదు.

ఆయన వెళ్ళాక ఆయన వరుస తెరిచాను. లిస్టులో ప్రతి మనిషికీ 'స్థితి' అని ఒక గడి ఉంటుంది. అందులో 'సిద్ధం' అనైనా ఉంటుంది, 'పక్కన' అనైనా ఉంటుంది. కన్ను రాగానే సిద్ధంగా ఉన్నవాళ్ళలో మొదటివాళ్ళ పేరు యంత్రం తీసిస్తుంది. పక్కన ఉన్నవాళ్ళు దానికి అసలు కనపడరు. టైలర్ స్థితి గడిలో పక్కన అని ఉంది.

ఏ గడిని ఎవరు ఎప్పుడు మార్చారో రాసిపెట్టే చరిత్ర పట్టిక ఇంకొకటి ఉంది. అందులో చూశాను. పద్నాలుగు నెలల్లో పద్నాలుగుసార్లు ఆయన గడి సిద్ధం అయింది. ప్రతిసారీ అదే సెకనులో మళ్ళీ పక్కన అయింది. రెండు మార్పుల ఎదుటా ఒకటే పేరు. రెండో కౌంటర్‌లో కూర్చునే ఆవిడది.

ఒకే సెకనులో మనిషి చెయ్యి ఒక గడిని రెండుసార్లు మార్చలేదని, ఇరవై రెండేళ్ళు ఈ పనిలో ఉన్నవాడికి తట్టాలి. తట్టలేదు. కోపమొస్తే నాకు అంకెలు కనపడవు. అరికాలి మంట నెత్తికెక్కి, రెండేసి మెట్లు ఎక్కుతూ పైకి వెళ్ళాను.

కౌంటర్ ముందు పది మంది నిలబడి ఉన్నారు. వాళ్ళని తోసుకుని ముందుకెళ్ళి అడిగాను. "ఆ టైలర్ మీకేం అపకారం చేశాడండీ?"

"ఏ టైలర్?"

"నెలనెలా సిద్ధం చేసినట్టే చేసి పక్కన పెడుతున్నారే, ఆయన. ఎవరికోసం వెనక్కి నెడుతున్నారు? బేకరీ వాళ్ళు బిస్కెట్లేమైనా పంపించారా?"

అనకూడని మాట. నోటినుంచి బయటికొచ్చాక తెలిసింది. లైనులో ఉన్నవాళ్ళంతా ఆవిడ వైపు చూశారు. ఆవిడ కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుంది.

"డాక్టరమ్మ కాగితం మీద ఏం రాస్తే అది కొడతాను. అంతకు మించి నేను ఏ గడీ ముట్టుకోను. ఇదిగో, నాకు కనపడేది ఇదీ." తెర నా వైపు తిప్పింది. టైలర్ పేరు పక్కన సిద్ధం అనే ఉంది.

"అక్కడ మీ పేరు రాసుంది."

"రాసింది మీ మిషనేగా. దాన్నే అడగండి" అంది. "తర్వాత ఎవరు? ముందుకి రండి."

మా ఆవిడ పోయిన వారంలో పైనుంచి మెట్లు దిగి నా గదికి వచ్చి పలకరించిన మనిషి ఈవిడ ఒక్కతే. ఆ సంగతి తిరిగి మెట్లు దిగుతుంటే గుర్తొచ్చింది.

గదికొచ్చి, ఎవరితో పనేముంది, నేనే మార్చేస్తే పోలా అనుకున్నాను. టైలర్ గడిలో సిద్ధం అని నా చేత్తో కొట్టాను. ఒక వరుస మారింది అని జవాబొచ్చింది. ఎందుకైనా మంచిదని మళ్ళీ చదివాను. పక్కన అని ఉంది.

మళ్ళీ కొట్టాను. మళ్ళీ పక్కన. చరిత్ర పట్టిక తీశాను. సిద్ధం ఎదుట నా పేరు. అదే సెకనులో పక్కన, దాని ఎదుటా నా పేరే. నేను పెట్టని చోట నా పేరు కనిపించడం కాదు నన్ను భయపెట్టింది. ఇలా చేసేది ఏదో నాకు తెలుసు.

మా పనిలో దాన్ని ట్రిగర్ అంటారు. ఒక గడి మారగానే, ఎవరూ చెప్పకుండా దానంతట అదే లేచి ఇంకో గడిని మార్చేలా ముందుగానే రాసిపెట్టిన నాలుగైదు పంక్తులు. ఒకసారి రాసి పెడితే ఏళ్ళ తరబడి లోపలే ఉండి పనిచేస్తుంది. తెరమీద కనపడదు. పైగా దానికంటూ ఒక పేరు ఉండదు. ఎవరి వేలు తగిలి లేచిందో ఆ మనిషి పేరే చరిత్రలో రాస్తుంది. అన్యాయంగా తిట్లు తినడానికి ఇంతకంటే మంచి ఏర్పాటు లేదు.

ఆ పట్టికకి రెండు ట్రిగర్లు ఉన్నాయి. మొదటిది నాకంటే ముందున్నాయన రాసింది. డాక్టరమ్మ బాగుందంటే స్థితి గడిని సిద్ధం చేస్తుంది. రెండోది ఆరేళ్ళ కిందటిది. అది 'తోడు' అనే గడి చూస్తుంది. ఆపరేషన్ తర్వాత దగ్గరుండి కంట్లో చుక్కలు వేసే మనిషి పేరు ఆ గడిలో ఉండాలి. గడి ఖాళీగా ఉంటే స్థితిని పక్కన చేసేస్తుంది. రెండూ ఒకే గడి మీద పోట్లాడతాయి. రెండోది ఎప్పుడూ తర్వాత లేస్తుంది కాబట్టి ఆఖరి మాట ఎప్పుడూ దానిదే. కౌంటర్ తెర మాత్రం తను పంపింది చూపిస్తుందే గానీ పట్టికలో చివరికి ఏం మిగిలిందో మళ్ళీ చదువుకోదు. అందుకని డాక్టరమ్మకీ కౌంటరావిడకీ టైలర్ సిద్ధంగా ఉన్నట్టు. లిస్టుకి ఆయన లేనట్టు.

రెండో ట్రిగర్ రాసింది నేనే. పైన నేను రాసుకున్న వాక్యం కూడా అలాగే ఉంది. 'ఇది లేచే అవసరం రాదు. అందరికీ ఎవరో ఒకరు ఉంటారు.'

ఆ రోజు నాకు గుర్తుంది. తోడు లేనిదే ఎవర్నీ బల్లెక్కించొద్దని, కంప్యూటరే చూసుకునేలా చెయ్యమని పెద్ద సిస్టర్ చెప్పింది. సాయంత్రం కర్టెన్ల గుడ్డ కొనడానికి వెళ్దామని మా ఆవిడ వచ్చి, ఇదే ఎదుటి కుర్చీలో కూర్చుని, వేరుశెనగలు ఒలుచుకు తింటోంది. ఇంకో పది నిమిషాలు, ఇదొక్కటి రాసి వచ్చేస్తానన్నాను. ఏంటది అని అడిగింది. చెప్పాను.

"మరి ఎవరూ లేనివాళ్ళుంటేనండీ?" అంది.

"అందరికీ ఎవరో ఒకరు ఉంటారులే" అన్నాను, కొడుతూనే. అదే వాక్యం అక్కడ కూడా కొట్టేశాను. ఆవిడ పొట్టు దులుపుకుని లేచింది. కర్టెన్లకి లేత ఆకుపచ్చ గుడ్డ కొన్నాం.

ఇప్పుడు ఆ ప్రశ్న అడగడానికి ఆవిడ లేదు. ఆవిడకి నేను చెప్పిన జవాబు మాత్రం లోపల కూర్చుని ఆరేళ్ళుగా మనుషుల్ని పక్కన పెడుతోంది. అలా ఎంతమందిని పెట్టిందో లెక్క తీశాను. పదకొండు మంది. నాకు ఏడుపొచ్చింది. చూసేవాళ్ళెవరూ లేరు కాబట్టి ఏడ్చాను.

ఆ తర్వాత మొహం కడుక్కుని పెద్ద సిస్టర్ దగ్గరికి వెళ్ళాను. ఆపరేషన్ థియేటర్ ఆవిడ రాజ్యం. అక్కడ ఈగ కూడా ఆవిడని అడిగే వాలాలి. సంగతంతా చెప్పి, ఆ నియమం తీసేస్తానన్నాను.

"తీయవు" అంది. "ఎందుకు పెట్టమన్నానో తెలుసా నీకు? అంతకు ముందు ఒకాయన ఒక్కడే ఇంటికెళ్ళాడు. నిద్రలో కన్ను రుద్దుకున్నాడు. కుట్లు తెగిపోయాయి. చెప్పేవాళ్ళు లేక మూడు రోజులు అలాగే ఉన్నాడు. వచ్చేటప్పటికి ఏం మిగల్లేదు. గంటకోసారి చుక్కలు పడాలి బాబూ, పది రోజులు. పోయినవాళ్ళ ఇంట్లోవాళ్ళు ఏడుస్తూ ఇచ్చిన కన్ను అది."

"నియమం తప్పనడం లేదు సిస్టర్. ఎవరికీ చెప్పకుండా పక్కన పెట్టెయ్యమన్నారా మీరు?"

ఆవిడ చేతిలోని గాజుగుడ్డ బల్లమీద పెట్టింది. "నువ్వు చెప్పేలా రాసుంటావనుకున్నాను" అంది. ఆ మాటకి తల వంచుకున్నాను.

ఆవిడే అంది. "పొద్దున రెండు కళ్ళు వచ్చాయి. ఒకటి అత్యవసరం కింద వెళ్ళిపోయింది. రెండోదానికి నాలుగింటికి లిస్టు తీస్తాను. రేపే ఆపరేషన్. అప్పటికి తోడు గడిలో పేరుంటే ఆయన ఉంటాడు. లేకపోతే తర్వాతి మనిషి. నేను కళ్ళు మూసుకుని పంపించను."

గోడ గడియారం రెండుంబావు చూపిస్తోంది.

కిందికొచ్చి టైలర్‌కి ఫోన్ చేశాను. నేను ఫలానా, పొద్దున మీరు దారి తప్పి వచ్చిన గదిలో మనిషిని అన్నాను. "చల్లగది సారా, చెప్పండి" అన్నాడు.

"తోడు ఎవరని మిమ్మల్ని కౌంటర్‌లో అడిగారా ఎప్పుడైనా?"

"చేరినప్పుడు అడిగారండీ. మా పక్కింటాయన పేరు రాయించాను. వారం తిరక్కుండానే ఆయన ఇల్లు ఖాళీ చేసి కూతురి ఊరు వెళ్ళిపోయాడు. లేనివాడి పేరు ఎందుకుండాలని నేనే చెప్పి కొట్టేయించాను. పద్నాలుగు నెలలైంది. ఏమండీ, తప్పా?"

నిజం చెప్పినందుకు శిక్ష పడింది ఆయనకి. అబద్ధంగా ఆ పేరు అలాగే ఉంచి ఉంటే ఈపాటికి సూదిలో దారం ఎక్కిస్తూ ఉండేవాడు.

"తప్పు మీది కాదు, నాది" అన్నాను. మొత్తం చెప్పాను. నేనేం రాశానో, అది ఏం చేసిందో. ఫోన్ పెట్టేస్తాడేమో అనుకున్నాను. పెట్టేసినా ఏమీ అనలేను.

"ఇంకెవరైనా ఉన్నారా మీకు? అన్నదమ్ములు, బావమరదులు, ఎవరైనా."

"చెల్లెలు ఉండేది. పోయింది. షాపులో పనిచేసిన ఇద్దరు వేరే చోట్లకి వెళ్ళిపోయారు. అడిగితే ఒక రోజు వస్తారు. పది రోజులంటే ఎవరి బతుకు వాళ్ళకుందిగా."

"నా పేరు రాస్తాను."

"మీకెందుకండీ ఈ తలనొప్పి?"

"మూడేళ్ళుగా నా ఇంట్లో రెండో మనిషి లేడు" అన్నాను. ఆ మాట అలా ఎందుకు వచ్చిందో తెలియదు. ఆయన కోసమని చెప్పాలనుకున్నాను, నాకోసమని వచ్చింది.

"మీకు వంటొచ్చా?" అని అడిగాడు.

"రాదు."

"అయితే నేను చెబుతుంటాను, మీరు చెయ్యండి. నా కన్ను బాగయ్యేలోపు మీ కడుపు బాగుపడుతుంది."

తోడు గడిలో నా పేరు కొట్టాను. పక్క గడి 'ఏమవుతారు' అని అడిగింది. భార్య, భర్త, కొడుకు, కూతురు, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు అని వరసగా చూపించింది. ఒక్కటీ కుదరలేదు. అట్టడుగున ఇతరులు అని ఉంది. దాన్ని నొక్కాను. ఇతరుల్లో ఒకణ్ణి కావడం జీవితంలో మొదటిసారి బాగుంది. తర్వాత స్థితి గడి చదివాను. సిద్ధం. మూడుసార్లు చదివాను. మూడుసార్లూ సిద్ధమే.

నాలుగింటికి పెద్ద సిస్టర్ లిస్టు తీసింది. మొదటి పేరు టైలర్‌ది. తోడు పేరు చదివి, కళ్ళజోడు పైనుంచి నన్ను చూసి, "రాత్రిళ్ళు రుద్దుకోకుండా కంటికి రేకు డిప్ప కట్టడం మర్చిపోకు" అంది, అంతే.

రెండో కౌంటర్ మూసే సమయానికి పైకి వెళ్ళాను. ఆవిడ సంచీ సర్దుకుంటోంది. లైనులో ఎవరూ లేరు. పొద్దున పది మంది ముందు అన్నాను, క్షమించమని అడిగేటప్పుడు వినడానికి ఒక్కరు కూడా లేరు. అది కూడా నా ఖర్మే.

"తప్పు నా మిషనుది కూడా కాదండీ. నాది" అన్నాను.

"తెలిసింది. పెద్ద సిస్టర్ చెప్పింది."

"రేపు పొద్దున లైను ఉన్నప్పుడు వచ్చి మళ్ళీ చెబుతాను."

"వద్దులెండి, లైను ఆగిపోతుంది" అని, సంచీ భుజానికి తగిలించుకుని, "అయినా రండి" అంది. మర్నాడు వెళ్ళాను. చెప్పాను. లైనులో ఒక ముసలావిడ, ఏం జరిగిందో తెలియకపోయినా, పోనీలే పాపం అంది.

ఆపరేషన్ బాగా జరిగింది. పది రోజులు సెలవు పెట్టి టైలర్‌ని నా ఇంటికి తీసుకొచ్చాను. మంచం ఆయనకిచ్చి నేను హాల్లో పడుకున్నాను. పొద్దున ఆరు నుంచి గంటగంటకీ ఫోన్‌లో అలారం మోగేది, నేను చేతులు కడుక్కుని చుక్కలు వేసేవాణ్ణి. మొదటిరోజు గురి కుదరక సగం చుక్కలు చెంప మీద పడ్డాయి. "ఏడిపిస్తున్నారేంటి సార్" అన్నాడు. మూడో రోజుకి నేను సార్ నుంచి తమ్ముడినయ్యాను. పప్పులో నీళ్ళు ఎన్ని పోయాలో మంచం మీద నుంచే చెప్పేవాడు. వాసనని బట్టి మాడుతోందని నాకంటే ముందే కనిపెట్టేవాడు.

నాలుగో రోజు కిటికీ దగ్గర కూర్చుని కర్టెన్ అంచు వేళ్ళతో తడిమాడు. కంటికి కట్టు ఉంది.

"ఇది ఎవరు కుట్టారు?"

"మా ఆవిడ."

"లోపలివైపు కూడా రెండు మడతలు వేసింది. ఎవరూ చూడని చోట. ఓపికున్న మనిషి" అన్నాడు. ఆవిడ గురించి మూడేళ్ళలో నాతో ఎవరూ కొత్త సంగతి చెప్పలేదు. ఆ అంచు నేనెప్పుడూ తిప్పి చూడలేదు. ఆయన స్నానానికి వెళ్ళినప్పుడు తిప్పి చూశాను. రెండు మడతలున్నాయి.

ఆ సెలవు రోజుల్లోనే ఇంటి నుంచి ట్రిగర్లు రెండూ తిరగరాశాను. డాక్టరమ్మ మాటకి ఒక గడి, తోడుకి ఒక గడి, ఎవరి గడి వాళ్ళది. ఒకదాని మీద ఒకటి రాయడానికి వీల్లేదు. రెండూ చూసి స్థితి తేల్చేది ఒక్కటే ఉంటుంది. అది పక్కన పెడితే కౌంటర్ తెర మీద ఎర్రగా కనపడుతుంది. తోడు లేరు, మనిషిని వెతకండి అని. పాత వాక్యం చెరిపేశాను. దాని స్థానంలో మా ఆవిడ ప్రశ్న రాశాను.

మిగతా పది మందికీ ఫోన్లు చేశాను. నలుగురు దొరికారు. ముగ్గురు నంబర్లు మార్చేసుకున్నారు. ఇద్దరు వేరే చోట చేయించుకున్నామన్నారు. ఒకావిడ నంబరుకి చేస్తే ఇంటి యజమాని ఎత్తాడు. ఆవిడ ఖాళీ చేసి ఏడాదైందని, చూపు బొత్తిగా పోయాక ఎక్కడికో ఆశ్రమానికి వెళ్ళిందని చెప్పాడు. ఏ ఆశ్రమమో తెలియదన్నాడు. ఫోన్ పెట్టేశాను. టైలర్ ఏమైందని అడిగాడు. చెప్పాను. ఆయన ఓదార్చలేదు. "వెతకాలి మరి" అన్నాడు. ఇంకా వెతుకుతున్నాను.

పదో రోజు పొద్దున ఆసుపత్రికి తీసుకెళ్ళాను. డాక్టరమ్మ చూసి, బాగా అతుక్కుంది, పూర్తిగా తేటపడటానికి నెలలు పడుతుంది, చుక్కలు ఇక ఆయనే వేసుకోగలడు అంది. పదో రోజు. నా పని అయిపోయింది. ఇంటికొచ్చి ఆయన బట్టలు సంచీలో పెట్టుకోవడం మొదలుపెట్టాడు. టేపు మెడలో వేసుకున్నాడు. నేను వంటగదిలో ఊరికే గిన్నెలు అటూ ఇటూ జరిపాను. ఉండమని ఎలా అడగాలో తెలియలేదు. ఏమవుతారని యంత్రం అడిగితే ఏదో ఒకటి నొక్కొచ్చు. మనిషిని అడగడం కష్టం.

"తమ్ముడూ, ఇలా రా" అని పిలిచాడు.

వెళ్ళాను. కిటికీ వెలుగులో నన్ను నిలబెట్టి, మొహం నా ఛాతీకి జానెడు దూరానికి తెచ్చాడు. కొత్త కన్ను ఎర్రగా ఉంది. దాన్ని చిట్లించి చూసి, వేలితో నా చొక్కా రెండో గుండీ ముట్టుకున్నాడు.

"తెల్ల చొక్కాకి నల్ల దారంతో కుట్టింది ఎవరు?"

"నేనే."

"ఆఫీసుకి ఇలాగే వెళ్తున్నావా? ఎవరూ చెప్పలేదా?"

"చెప్పేవాళ్ళు లేరు" అన్నాను.

ఆయన సంచీలోంచి ఒక రేకు డబ్బా తీశాడు. సూది, తెల్లదారం బయటపెట్టాడు. "విప్పు" అన్నాడు. చొక్కా విప్పి ఇచ్చి, బనీనుతో ఎదురుగా కూర్చున్నాను. నల్లదారం తెంపాడు. సూది వెలుగుకెత్తి పట్టుకుని దారం పెట్టబోయాడు. తప్పింది. మళ్ళీ పెట్టాడు. తప్పింది. నేను ఎక్కించనా అని నోటిదాకా వచ్చింది. ఆపుకున్నాను. మూడోసారి దారం కొస నోట్లో తడిపి, ఊపిరి బిగబట్టి పెట్టాడు. ఎక్కింది.

గుండీ కుట్టడానికి నిమిషం కూడా పట్టదు. ఆయన చాలాసేపు కుట్టాడు. చివర్లో ముడివేసి, దారం పంటితో తెంపి, తల ఎత్తకుండానే అడిగాడు.

"మిగతా చొక్కాలెక్కడున్నాయి?"

వెళ్ళి అన్నీ తెచ్చాను. బాగున్నవి కూడా తెచ్చాను.